మొదటి కన్ను, రెండో కన్ను

కంటి ఆసుపత్రి, నర్సుల గది
వానలు మొదలైన వారం

మరదలు పిల్లకి,

యాభై దాటినదాన్ని పట్టుకుని పిల్లా అంటావేమిటని మూతి ముడుచుకోకు. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు రెండు జడలేసుకుని తలుపు వెనక నక్కి నన్ను చూసినదానివి నువ్వు. నాకు ఎప్పటికీ అంతే. ఫోన్ చేద్దామంటే అన్ని గడియారాల మధ్య కూర్చుని "ఆఁ? ఆఁ?" అంటావు, ఈలోగా మీ అన్నయ్య వంటింట్లోంచి మధ్యలో దూరతారు. అందుకే ఉత్తరం.

ఇక్కడ కొత్త తలనొప్పి వచ్చిపడింది. ఇద్దరు కంటి సర్జన్లలో ఒకాయన వేరే ఊరికి వెళ్లిపోయాడు. మిగిలింది ఒక్కడు. శుక్లాల ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల వరుస మాత్రం పెరిగిపోతోంది. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని తేల్చడానికి సూపరింటెండెంటు ఒక కమిటీ వేసి, హెడ్ నర్సుని కదా అని నన్నూ అందులో పడేశారు. పైగా మాకు పాఠాలు! ప్రతి బుధవారం ఒక మాస్టారు వచ్చి, సరిపోనిదాన్ని న్యాయంగా పంచడం ఎలాగో చెబుతాడు. మేం న్యాయం మాస్టారు అని పేరు పెట్టుకున్నాం. మొదటిరోజు అడిగాడు కదా: "వాన కురుస్తోంది, ముగ్గురు మనుషులు, ఒకటే గొడుగు. ఎవరికిస్తారు?" నేను లేచి, "ముగ్గుర్నీ లోపల కూర్చోబెట్టి టీ ఇస్తాను, వాన తగ్గాక పంపిస్తాను" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "లోపల చోటు లేదు నర్సమ్మా, అదే సమస్య" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

అసలు చిక్కు ఇది. ఒక కంటికి ఆపరేషన్ అయిపోయి రెండో కంటికి ఎదురుచూసేవాళ్లు కొందరు. రెండు కళ్లూ పొరలు కమ్మి ఒక్కటీ చేయించుకోనివాళ్లు కొందరు. ముందు ఎవరు? అందరికీ మొదటి కన్ను అయ్యాకే ఎవరికైనా రెండోది అనాలా? నీకు కుడి కన్ను అయింది, ఎడమ కంటికి వానలు వెనకబట్టాక తేదీ ఇచ్చేశారు. ఇచ్చిన తేదీలు కదపకూడదని మేం మొదటిరోజే అనుకున్నాం కాబట్టి నీకేం ఢోకా లేదు. అందుకే ధైర్యంగా అడుగుతున్నాను. ఒక కన్నుతో ఉండి చూస్తున్నదానివి, నువ్వు చెప్పు.

అన్నట్టు మీ కత్తెర బాబాయి కుట్టి పంపిన తెల్ల చొక్కా మీ అన్నయ్యకి అతికినట్టు సరిపోయింది. కాకపోతే కుట్లన్నీ ఎర్ర దారం! ఇదేమిటండీ అంటే "ఫ్యాషన్, నీకు తెలీదు" అంటున్నారు. నాకు తెలీదట!

మీ వదిన

గడియారాల కొట్టు, మెట్ల కింద
వాన తెరిపిచ్చిన రోజు

మా వదిన గారికి,

కమిటీలో చేరారు కాబట్టి గారు. మామూలప్పుడు ఇవ్వను.

దీనికి కమిటీ ఎందుకు, పాఠాలెందుకు వదినా? మొదటి కన్ను అందరికీ ముందు. అంతే! నా సంగతి తీసుకో. భూతద్దం బిగించుకునేది కుడి కంటికి. ముళ్లు, పళ్లచక్రాలు, వెంట్రుకంత స్ప్రింగు, అన్నీ కనపడుతున్నాయి. ఎడమ కన్ను ఆవిరి పట్టిన అద్దంలా ఉంది, నిజమే. రెండు కళ్లకీ పొత్తు కుదరక మెట్టు ఒకచోట ఉంటే కాలు ఒకచోట వేస్తున్నాను. మొన్న ఒకావిడకి గ్లాసులో నీళ్లు పోస్తున్నాననుకుని ఆవిడ ఒళ్లో పోశాను. పాపం నవ్వుతూ చీర పిండుకుంది. ఇబ్బందే. కానీ బతుకు ఆగలేదు.

బతుకు ఆగిపోయింది కత్తెర బాబాయికి. నా కొట్టుకి ఎదురుగా టైలరు షాపు ఆయన్ని నువ్వు చూశావుగా. ఎవరి మాటా పూర్తి కానివ్వకుండా మధ్యలో కత్తిరించేస్తాడని వీధంతా ఆ పేరే. రెండు కళ్లూ పోయినట్టే. భార్య పోయాక ఒంటరి. కత్తిరింపు చేతి తడుముడుతో చేస్తాడు, కుట్టు అలవాటుతో కుడతాడు, కానీ సూదిలో దారం? అది మాత్రం కాదు. రోజూ పొద్దున కొట్టు తెరవగానే వచ్చి నా బల్లకి అవతల కూర్చుంటాడు. నేను ఇవతల కూర్చుని ఆ రోజుకి కావలసిన సూదులన్నిటికీ దారాలెక్కించి, ఆయన సూదుల దిండుకి వరసగా గుచ్చి ఇస్తాను. ఎడమ చివర తెలుపు, తర్వాత నీలం, తర్వాత నలుపు, కుడి చివర ఎరుపు. మా ఇద్దరికీ అది ఒప్పందం. ఈ పని గురించి ఎక్కడా అనకని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు చెప్పడం అనడం కిందికి రాదులే.

చొక్కా సంగతి ఆయన చెవిన వేయకు. ఈ మధ్య వీధిలో అందరివీ అలాగే ఉన్నాయి, తెల్లవాటికి ఎర్ర కుట్లు, నీలంవాటికి నల్ల కుట్లు. చూపు లేని మనిషి, ఏదో పొరపాటు పడుతున్నాడని అందరికీ తెలుసు. అందరూ వేసుకు తిరుగుతున్నాం. ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకు?

ఆయన పేరు మీ వరుసలో చేరి నెలలైంది. ఆయనకి ఒక్క కన్ను కూడా లేకుండా నాకు రెండోది ఎందుకు చెప్పు? మీ మాస్టారికి నా మాటగా చెప్పు.

నీ మరదలు

కంటి ఆసుపత్రి, నర్సుల గది
బుధవారం, పాఠం అయ్యాక

మరదలు పిల్లకి,

నీ వాదమే గెలిచింది! మొదటి కన్ను అందరికీ ముందు. రెండు కళ్లూ పోయినవాళ్లు అందరికంటే ముందు. అందులోనూ సమానంగా ఉన్నవాళ్లలో, రోజువారీ పనులు ఎవరికి ఎక్కువ ఆగిపోయాయో వాళ్లకి ముందు. ఇచ్చిన తేదీలు మాత్రం కదలవు.

ఎలా తేలిందో చెప్పనా? పోయిన బుధవారం మాస్టారు ఒక టోపీలో చీటీలు వేసి తెచ్చాడు. "ముందు నియమం రాయండి, ఆ తర్వాత చీటీ తీయండి. మీరెవరో అందులో ఉంటుంది" అన్నాడు. అప్పటిదాకా మా సర్జన్ గారు, వచ్చినవాళ్లు వచ్చినట్టు చేసేద్దాం, వరుసంటే వరుసే, అని ఒంటికాలి మీద లేచారు. చీటీ తీస్తే ఆయనకి వచ్చింది: రెండు కళ్లూ కనపడవు, ఒంటరి, ఆసుపత్రి ఉందని ఆలస్యంగా తెలిసింది. ఆయన మొహం చూడాల్సింది! చీటీ మడిచి, "నియమం ఇంకోసారి చదవండి" అన్నారు. నాకు వచ్చిన చీటీ: సూపరింటెండెంటు అత్తగారు. నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

తమాషా ఏమిటంటే నిజం అత్తగారే రెండు రోజుల తర్వాత ఫోన్ చేయించింది, రెండో కన్ను కాస్త ముందుకి జరపమని. కుదరదమ్మా అన్నాను.  మన వాళ్ల పేరు వస్తే మేం లేచి వరండాలోకి పోవాలి, అది కూడా నియమమే. సూపరింటెండెంటు నోరెత్తకుండా వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదంటే నమ్ము.

నీ తేదీ దగ్గరకొస్తోంది. మీ అన్నయ్య నీ కోసం ముందు గది ఖాళీ చేశారు, తలుపు కిర్రుమంటోందని నూనె పోశారు, నల్ల కళ్లద్దాలు కొని తనే పెట్టుకు తిరుగుతున్నారు. నువ్వు వచ్చేదాకా ఆ మనిషిని భరించాలి నేను.

మీ వదిన

గడియారాల కొట్టు
సోమవారం

వదినా,

అంతా క్షేమం. కొట్టు బాగానే సాగుతోంది. గోడ గడియారం ఒకటి వచ్చింది, గంట కొట్టమంటే అరగంటకే కొడుతోంది, దానితో కుస్తీ పడుతున్నాను.

నా తేదీ గురించి కంగారు పడకు. అది నేను చూసుకుంటాను. గది తలుపుకి నూనె వేస్ట్ కాలేదులే, ఎవరో ఒకరు వస్తారు.

ఊరికే అడుగుతున్నాను. తేదీ ఉన్న మనిషి రాలేకపోతే ఆ తేదీ ఏమవుతుంది? పారేయరుగా?

కత్తెర బాబాయి కొత్త చొక్కా కుట్టుకున్నాడు. ఇత్తడి గుండీలు. చాలా హుషారుగా ఉన్నాడు. ఇంక పని ఉంది, ఉంటాను.

నీ మరదలు

కంటి ఆసుపత్రి, నర్సుల గది
నువ్వు రావలసిన రోజు

ఏమే!

ఎంత పని చేశావు! పొద్దున్నుంచి గుమ్మం వైపే చూస్తున్నాను. మీ అన్నయ్య బస్టాండులో ఒక బస్సు తర్వాత ఒక బస్సు వెతుక్కుంటున్నారు. దిగింది ఎవరు? ఇత్తడి గుండీల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతిలో నీ తేదీ చీటీ పట్టుకుని మీ కత్తెర బాబాయి! కౌంటరు దగ్గరికి వచ్చి అందరూ వినేలా, "గడియారాలమ్మాయి బదులు నేను. ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారు, మార్పిడి" అన్నాడు.

ఎవరు ఒప్పుకున్నారే? ఏ ఆసుపత్రి? ఆయనకి అలా అని చెప్పింది నువ్వు కాదూ?

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఇది కుదరదు బాబాయిగారూ అని చెప్పాల్సి వచ్చింది నాకు. సగం మాటలోనే కత్తిరించాడు. "అర్థమైందమ్మా" అన్నాడు. అరవలేదు, అడుక్కోలేదు. లేచి నిలబడి నా భుజం తడిమి, "నీ జాకెట్టు భుజం జారుతోంది, ఎవరు కుట్టారు?" అని అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. మీ అన్నయ్య ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టి, నువ్వు పడుకోవలసిన గదిలో పడుకోబెట్టి, రేపు బస్సెక్కిస్తారు.

నీ తేదీ పాడైపోలేదు. వరుసలో ఎవరిది తర్వాతి వంతో ఆవిడకి వెళ్లింది. నీ సంగతి కమిటీలో తేలాలి. ఆ గంటసేపు నేను వరండాలో కూర్చోవాలి. కోపంతో ఒళ్లు మండిపోతోంది, ఇంక రాయలేను.

వదిన

గడియారాల కొట్టు
నీ ఉత్తరం అందిన రోజే

వదిన గారికి,

నా కన్ను, నా తేదీ, నా ఇష్టం! నా పళ్లెంలో ముద్ద నేను ఎవరికైనా పెట్టుకుంటాను, మధ్యలో మీ కమిటీ ఎవరు? బస్సులో ముసలివాళ్లు నిలబడితే లేచి సీటు ఇస్తాం. కండక్టరు వచ్చి, ఆగండి, వరుసలో తర్వాత ఎవరో చూడాలి అంటాడా? మొదటి కన్ను అందరికీ ముందు అని రాసింది మీరే. ఆయనకి మొదటి కన్ను వచ్చేలా నేను చేస్తే తప్పయిందా? సూపరింటెండెంటు అత్తగారికి కుదరదన్నావు, బాగుంది. ఆవిడ లాక్కోవాలని చూసింది. నేను ఇస్తానన్నాను. ఇద్దరికీ ఒకటే జవాబా? ఇన్నేళ్ల వదినవి, నేనూ నీకు కౌంటరు దగ్గర నిలబడ్డ పరాయి మనిషినయ్యానా?

మార్పిడికి ఒప్పుకున్నారని ఆయనతో అబద్ధం చెప్పాను. అలా చెప్పకపోతే ఆయన వచ్చేవాడు కాదు. నీ చేతిలో ఉన్న పని కదా, ఎదురుగా చూశాక నువ్వు కాదనలేవనుకున్నాను. నీ మెత్తదనాన్నీ వాడుకోబోయాను, నిజమే.

ఇప్పుడు ఆయన నా కొట్టు గుమ్మం తొక్కడం లేదు. పొద్దున సూదుల దిండు తేవడం లేదు. మిషను చప్పుడు లేదు. నేను కొట్టు తెరిచి ఎదురుగుండా మూసిన తలుపు చూస్తూ కూర్చుంటున్నాను. అది ఎంత కష్టంగా ఉందో నీ న్యాయం మాస్టారికి తెలుసా?

నీ మరదలు

కంటి ఆసుపత్రి, నర్సుల గది
తీరికగా రాస్తున్న ఆదివారం

మరదలు పిల్లకి,

నాకూ కోపం తగ్గింది. నీది తగ్గేదాకా ఆగి రాస్తున్నాను. తగ్గకపోయినా చదువు.

నీ సీటు మాట బుధవారం పాఠంలో అడిగాను, నీదని చెప్పకుండా. మాస్టారు ఏదో చెప్పబోయాడు గానీ నాకు జవాబు అంతకుముందే దొరికింది. నీ తేదీ ఎవరికి వెళ్లిందో చెప్పనా? బట్టలుతికే ఆవిడ. రెండు కళ్లూ కనపడవు. ఎవరూ తోడు రాలేదు, ఒక్కతే గోడ పట్టుకుని వచ్చింది. కట్టు విప్పాక తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. కత్తెర బాబాయికి నువ్వున్నావు. ఆవిడకి నీలాంటి మనిషి లేదు. పక్కన మంచివాళ్లు ఉన్నవాళ్లకే చూపు వస్తూ పోతే, ఎవరూ లేనివాళ్లు ఎక్కడికి పోవాలే? నీ వంతు నీది, ఒప్పుకుంటాను. వదులుకోవచ్చు కూడా. కానీ వదిలాక అది ఎవరికి వెళ్లాలో నువ్వు చెప్పకూడదు. బస్సులో నువ్వు లేచి ఇచ్చినప్పుడు వెనక నిలబడ్డవాళ్లు నీకు కనపడుతున్నారు. ఇక్కడ కనపడరు.

నీ సంగతి నేనే తేల్చాల్సి వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. అందుకే వరండా పెట్టారు కాబోలు. ఆ బెంచీ మీద కూర్చుని నీకోసం భయపడ్డాను. అయినా తేలింది ఇది: తేదీ పోయింది, వరుసలో నీ చోటు పోలేదు. మొదటి కళ్ల రద్దీ తగ్గాక రెండో కళ్లలో నీ వంతుకి నువ్వు వస్తావు.

ఇప్పుడు అసలు సంగతి విను. బాబాయిని వెనక్కి పంపేముందు ఆయన తేదీ అంత దూరం ఎందుకు పడిందో కౌంటరు అమ్మాయి చూసింది. రెండు కళ్లూ పోయినవాళ్లలో ఆయన అడుగున ఉన్నాడు. ఎందుకంటే, పేరు రాసుకున్న రోజు, "దగ్గర చూపు పనులు, అంటే సూదిలో దారం ఎక్కించడం లాంటివి, మీ అంతట మీరు" అని ఆ పిల్ల అడుగుతుంటే ఆయన మధ్యలోనే కత్తిరించి, "రోజూ పొద్దున్నే ఎక్కుతుంది తల్లీ, డజను సూదులు" అన్నాడట! ఆ పిల్లేమో, ఈయనకి బాగానే సాగుతోందని రాసుకుంది.

విన్నావా? ఎక్కించేది నువ్వు. నీ సాయం వల్ల ఆయన అవసరం మాకు కనపడలేదు. ఈ సంగతి ఈ ఆసుపత్రిలో నాకొక్కదానికే తెలుసు, అదీ నీ ఉత్తరం వల్ల. కమిటీకి చెప్పి, ఆ మనిషి మావాళ్లకి తెలిసినవాడు, నేను కలగజేసుకోనని బయటికొచ్చాను. మళ్లీ పరీక్ష చేయమని ఎవరైనా అడగవచ్చు. ఆ మాట వరండాలో పెద్ద బోర్డు మీద రాసే ఉంది. చూపు లేనివాళ్ల కోసం బోర్డు మీద రాశాం, చూడు మా తెలివి! ఇక నుంచి నోటితో చెప్పాలని తీర్మానించాం. ప్రశ్న కూడా మార్చాం: "మీరే ఎక్కిస్తారా, ఎవరైనా ఎక్కించి ఇస్తారా?"

ఆయన్ని తీసుకురా. నా దగ్గరికి కాదు, కౌంటరు దగ్గరికి.

మీ వదిన

గడియారాల కొట్టు
ఎండ కాసిన రోజు

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఏడుస్తూ, మూడోసారి ఆ డజను సూదుల దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ. ఆ బట్టలుతికే ఆవిడ అరచేతులు చూసుకుందన్నావే, ఇంక ఏం వాదించను? నా తేదీ మంచి చోటికే వెళ్లింది. నేను పంపిన చోటికి వెళ్లకపోవడమే మంచిదైంది. ఇంతకన్నా ఒప్పుకోను, ఆశపడకు.

బాబాయి తలుపు కొట్టాను. "మిమ్మల్ని అబద్ధం చెప్పి పంపాను, తప్పయింది" అన్నాను. "తెలుసు, లోపలికి రా" అని కత్తిరించాడు. ఉత్తరం చదివి వినిపించాను. తను దారం గురించి చెప్పిన జవాబు దగ్గర ఆయన మిషను చక్రం ఊరికే తిప్పాడు. "నేను చేసుకోలేనని నా నోటితో ఎలా చెప్పమంటావే?" అన్నాడు చివరికి. వదినా, మనం వాళ్లని అడుగుతున్నది ఎంత పెద్ద మాటో మీ పాఠంలో చెప్పారా?

పరీక్షకి వెళ్లాం. నువ్వు ఎక్కడా కనపడలేదు, దాక్కున్నావని తెలుసు. ప్రశ్న పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదని ఒప్పందం. ఆయన చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను, ప్రశ్న అయిపోగానే నొక్కుతాను, అప్పుడు జవాబు చెప్పాలి. పాపం, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడిపోయి కూర్చున్నాడు. దారం ప్రశ్న వచ్చింది. నొక్కాను. "ఈ అమ్మాయి ఎక్కించి ఇస్తుంది" అన్నాడు. "నాకు కనపడదు." అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇవాళ పొద్దున సూదుల దిండు పట్టుకుని మళ్లీ వచ్చాడు. నేను దారాలెక్కించి ఇచ్చాను.

నీ మరదలు

కంటి ఆసుపత్రి, నర్సుల గది
చలి మొదలైన వారం

మరదలు పిల్లకి,

కబురు ఫోనులో అందే ఉంటుంది. బాబాయి వంతు వచ్చింది, కన్ను శుభ్రంగా అయింది. మొదలుపెట్టే ముందు సర్జన్ గారు, "భయపడకండి, ఇప్పుడు మీకు" అంటుంటే, "కానివ్వండి" అని కత్తిరించాడు. కత్తి పట్టుకున్న మనిషినే కత్తిరించాడని థియేటరంతా ఒకటే నవ్వు.

కట్టు విప్పాక మొట్టమొదట చూసింది నన్ను. ఏం బాబాయిగారూ ఎలా కనపడుతున్నానంటే, "భుజం జారిందని అప్పుడే చెప్పానుగా" అన్నాడు. మీ అన్నయ్య ఆయన్ని బస్సెక్కించడానికి ఆ తెల్ల చొక్కా వేసుకుని వెళ్లారు. ఆ ఎర్ర కుట్లు చూసి బాబాయి తెల్లబోయాడట. ఒక్క మాట అనలేదట. ఆయన మాట్లాడలేదంటే నాకు భయంగా ఉంది. నువ్వు కనిపెట్టుకుని ఉండు.

మీ వదిన

గడియారాల కొట్టు
రెండు రోజుల తర్వాత

వదినా వదినా,

బస్సు దిగిన మనిషి ఇంటికి పోలేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, ఎదురొచ్చిన ప్రతివాడి చొక్కా పట్టుకుని ఆపి చూశాడు. రొట్టెల కొట్టాయన తెల్ల చొక్కా, ఎర్ర కుట్లు. పోస్టు మనిషి నీలం చొక్కా, నల్ల కుట్లు. చివరికి నా కొట్టులోకి వచ్చి బల్ల మీద సూదుల దిండు ధడాల్న పెట్టి, "ఎడమ చివర ఏ రంగు?" అన్నాడు. తెలుపు అన్నాను. "ఎవరి ఎడమ?"

వదినా, నేను బల్లకి ఇవతల కూర్చుంటాను, ఆయన అవతల! నా ఎడమ ఆయనకి కుడి. ఇన్నాళ్లూ ఆయన తెలుపనుకుని ఎరుపు తీశాడు, నీలమనుకుని నలుపు తీశాడు. తప్పు ఆయనది కాదు, నాది! ముసలాయన పొరపాటు పడుతున్నాడని జాలిపడి నోరు మూసుకున్నది నేను. వీధంతా మూసుకుంది. ఒక్కరంటే ఒక్కరు, బాబాయ్ ఇదేమిటని అడిగుంటే ఆ రోజే తెలిసేది ఆయనకి ఎంత కనపడటం లేదో, నాకు ఎంత బుద్ధి లేదో.

ఆయన కాసేపు చిందులు తొక్కాడు. "నన్ను అంత పిచ్చివాణ్ని చేస్తారా, నా కుట్టు పరువు తీస్తారా!" అన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడి, "అందరూ వేసుకునే తిరిగారా?" అన్నాడు. అందరూ, అన్నాను. "ఎవరూ తిరిగి ఇవ్వలేదా?" లేదు. కళ్లు తుడుచుకున్నాడు. కొత్త కన్ను రుద్దకూడదని నేను కేకలేశాను.

ఇప్పుడు వీధివాళ్లందరి బట్టలూ వెనక్కి తెప్పించి కుట్లు విప్పి మళ్లీ కుడుతున్నాడు. పొద్దున నా ఎదురుగా కూర్చుని తన సూదికి తనే దారం ఎక్కించాడు. చాలాసేపు పట్టింది. నేను సాయం చేయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో!

అన్నయ్య చొక్కా కూడా పంపమంటున్నాడు బాబాయి.

నీ మరదలు

కంటి ఆసుపత్రి, వరండాలో బెంచీ మీద
కొత్త సర్జన్ చేరిన వారం

మరదలు పిల్లకి,

మీ అన్నయ్య చొక్కా ఇవ్వరట. అడిగితే గుండెలకి హత్తుకుని, "దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను, ఇది ఫ్యాషన్ అని నేను ముందే చెప్పాను" అన్నారు. బాబాయితో నువ్వే చెప్పుకో.

చూశావుగా ఎక్కడ కూర్చుని రాస్తున్నానో. రెండో సర్జన్ వచ్చింది, రెండో కళ్ల వరుస మళ్లీ తెరిచారు. లోపల ఎవరి పేరో రాగానే నన్ను చూసి తల ఊపారు, నేను లేచి బయటికొచ్చాను. ఎవరి పేరో అడగలేదు, అడగక్కర్లేదు కూడా. ఇక్కడిదాకా రాసేసరికి మళ్లీ లోపలికి పిలిచారు, మిగతాది తిరిగొచ్చి రాస్తున్నాను.  కౌంటరు అమ్మాయి తేదీలు నోటితో చదవడం మొదలుపెట్టింది, కొత్త పద్ధతి కదా. గడియారాల కొట్టు, మెట్ల కింద, ఎడమ కన్ను, వచ్చే శుక్రవారం.

నీకు ఎవరూ ఇచ్చింది కాదు. నువ్వు ఎవరి దగ్గరా తీసుకున్నదీ కాదు. మామూలుగా నీ వంతు వచ్చింది. అంత మామూలు సంగతికి నేను అక్కడే నిలబడి ఎందుకు ఏడ్చానో మాస్టారిని అడగాలి.

మీ అన్నయ్య తలుపుకి మళ్లీ నూనె పోస్తున్నారు. బాబాయిని తోడు తెచ్చుకో, సంతోషం. కానీ నీ బదులు ఎవర్నీ పంపకు. ఈసారి నీ కన్ను నువ్వే తీసుకురా.

మీ వదిన